నీలిగుమ్మి కోళ్ళకు చలి వెయ్యదు

కోడికి చలి వేస్తోందా లేదా అన్న విషయాన్ని ఇంతకాలం కోడికే వదిలేసి మనవాళ్ళు చాలా పొరపాటు చేశారు. ఈ లోపాన్ని మా కుక్కుట ఉష్ణ సంక్షేమ విభాగం గుర్తించింది. మా సంచాలకుల వారు నడి శీతాకాలంలో ఒక మంచు దేశానికి వెళ్ళి, అక్కడి పెరటి కోళ్ళను పన్నెండు రోజులపాటు అద్దాల కిటికీలోంచి పరిశీలించి, జలుబుతోనూ నూట నలభై పేజీల నివేదికతోనూ తిరిగి వచ్చారు. జలుబు వారంలో తగ్గిపోయింది. నివేదిక మాత్రం మా మీద పడింది.

నేను ఆ విభాగంలో గ్రామ సహాయకుణ్ణి. పేరు దాలినాయుడు. సొంతూరు కింద మైదానంలో. నన్ను వేసింది మాత్రం విశాఖ కొండల మీద, మేఘాలు కూడా కాసేపు ఆగి ఊపిరి పీల్చుకునేంత ఎత్తున ఉన్న నీలిగుమ్మికి. నలభై గడప. పుష్యమాసంలో అక్కడ తెల్లవారితే గడ్డి మీద ఉప్పు చల్లినట్టు మంచు పేరుకుని ఉంటుంది. కుండలో నీళ్ళ మీద పొర కడుతుంది. వేలితో పొడిస్తే టక్కుమంటుంది.

అలాంటి ఊళ్ళో కోళ్ళు ఎలా బతుకుతున్నాయో చూసి రమ్మన్నారు. వెళ్ళి చూశాను. బాగానే బతుకుతున్నాయి. అదే వచ్చిన చిక్కు.

వంతల బుద్రమ్మ అనే ఆవిడకి తొమ్మిది కోళ్ళుండేవి. ఎనిమిది పెట్టలు, ఒక పుంజు. భర్త పోయి ఆరేళ్ళయింది. ఇంట్లో ఆవిడా, కోళ్ళూ. సంతకి వెళ్ళి గుడ్లు ఇచ్చి ఉప్పూ నూనే తెచ్చుకునేది. పొద్దువాలగానే "బా బా బా" అని పిలిచి, వేడివేడి చోడిసంకటి, అదే రాగిసంకటి, ముద్దలోంచి నాలుగు మెతుకులు విదిల్చి, ఇంట్లో పొయ్యి పక్కన వెదురుగంప కింద మూసేది. పొయ్యిలో ఒక దుంగ తెల్లవార్లూ కణకణలాడుతూ ఉండేది. గంపకి ఒకవైపు నిప్పు, ఇంకోవైపు బుద్రమ్మ చాప. కోళ్ళు వెచ్చగా పడుకునేవి, బుద్రమ్మ కూడా పడుకునేది.

ఇదంతా నేను నా నివేదికలో రాశాను. రాయకుండా ఉండాల్సింది.

మా మండలాధికారి పరాంకుశం గారు దాన్ని చదివి ఫోన్ చేశారు.

"ఏవయ్యా దాలినాయుడూ, మానవ ఆవాసంలో కుక్కుట సహవాసమా? అది నిషిద్ధం కదటయ్యా! సంచాలకుల వారి నివేదిక అరవై రెండో పేజీ చూళ్ళేదూ?"

"చూశానండీ. కానీ కోళ్ళకి వెచ్చగానే ఉందండీ."

"వెచ్చగా ఉండటం వేరు, ఉష్ణ సంక్షేమం వేరు. మొదటిది అనుభవం. రెండోది పథకం. ఈ రెండూ కలపకు."

కలపలేదు. పదిహేను రోజుల్లో ఊరి మధ్యన ఉష్ణ గృహం లేచింది. నాలుగు వైపులా ఇనపరేకులు, పైన ఇనపరేకు, కింద సిమెంటు. బయట నీలం రంగు, దాని మీద నవ్వుతున్న సూర్యుడి బొమ్మ. గాలి ఆడటానికి ఉత్తరం వైపు మూడు కంతలు. అక్కడ చలిగాలి వచ్చేది కూడా ఉత్తరం నుంచే. లోపల కోళ్ళకు వెచ్చదనం ఇవ్వడానికి ఒక దీపం బిగించారు. దీపం మా విభాగానిది, కరెంటు ఇంకో విభాగానిది. ఆ రెండో విభాగానికి మేం ఉత్తరం రాశాం.

ప్రారంభోత్సవానికి పరాంకుశం గారు రెండు శాలువలు కప్పుకుని వచ్చారు. ఒకటి సన్మానానికి తెచ్చింది, చలికి ఆగలేక అదీ ఆయనే కప్పుకున్నారు.

"నేటి నుండి నీలిగుమ్మి గ్రామ కుక్కుటములు శీతల బాధ నుండి శాశ్వత విముక్తి పొందినట్లుగా ఇందుమూలంగా ప్రకటించడమైనది!" అన్నారు.

బుద్రమ్మ రేకు మీద చెయ్యి పెట్టి చటుక్కున తీసేసింది.

"ఏటి బాబూ ఇది? ముట్టుకుంటే సెయ్యి కొరికేస్తంది. ఇందులోన కోడెలాగుంటాది?"

"అమ్మా, ఇది మంచు దేశాల్లో నిరూపితమైన నమూనా," అన్నారు పరాంకుశం గారు.

"ఆ దేశంలోన రేకులే ఎట్టినారా?"

నివేదికలో అక్కడి కోళ్ళ గూళ్ళు దళసరి చెక్కతో కట్టి, కింద జానెడు మందాన గడ్డి పరిచి ఉంటాయని రాసుంది. టెండరు పిలిచేసరికి అది రేకు అయింది. అయినా ఆ సంగతి బుద్రమ్మకి చెప్పాల్సిన అవసరం పరాంకుశం గారికి గానీ నాకు గానీ కనబడలేదు. తొమ్మిది కోళ్ళ కాళ్ళకీ పసుపుపచ్చ ప్లాస్టిక్ రింగులు తొడిగి, వాటి నంబర్లు మా విభాగం యాప్‌లోకి ఎక్కించి, రేకింట్లో పెట్టి తలుపు వేశాం. ఊళ్ళో మిగతావాళ్ళు తెలివైనవాళ్ళు. తమ కోళ్ళన్నీ అడివిలోకి పారిపోయాయని చెప్పారు.

మర్నాడు పొద్దున్న ఆరింటికి వెళ్ళి థర్మామీటరు చూశాను. మూడు డిగ్రీలు. బయట నాలుగు ఉంది. యాప్ తెరిచి మూడు అని కొట్టాను. 'చెల్లని విలువ' అంది. మళ్ళీ కొట్టాను. మళ్ళీ అదే మాట. పదిహేడు దాకా ఒక్కో అంకే కొట్టి చూశాను. ఒప్పుకోలేదు. పరాంకుశం గారికి ఫోన్ చేశాను.

"పద్దెనిమిదికి లోపు ఎలా తీసుకుంటుందయ్యా?" అన్నారాయన, చిన్నపిల్లాడికి చెప్పినట్టు. "అది ఉష్ణ గృహం. ఉష్ణ గృహంలో పద్దెనిమిదికి లోపు ఉండదు. ఉంటే అది ఉష్ణ గృహం కాదు. మనం కట్టింది ఉష్ణ గృహమే కదా?"

"అవునండీ."

"మరి?"

ఫోన్ పెట్టేసి యాప్ మళ్ళీ తెరిచాను. పద్దెనిమిది కొడితే 'కనిష్ఠ స్థాయికి కారణాలు వివరించుము' అని పెట్టె తెరుచుకుంటోంది. ఇరవై రెండు కొట్టాను. ఆకుపచ్చ టిక్కు పడింది. యాప్‌లో కోడి బొమ్మ నవ్వింది. ఆ తర్వాత కోళ్ళ తురాయిలు గడ్డకట్టకుండా ఒక్కోదానికీ వేజలైన్ రాసి, కళ్ళు తెరిచి ఉండగా ఫోటో తీసి ఎక్కించాలి. చలికి అవి కళ్ళు మూసుకుని ముడుచుకుపోయి ఉన్నాయి. వాటి కళ్ళు తెరిపించడానికి నాకు గంటన్నర పట్టింది.

మూడో రోజు పొద్దున్న రెండు పెట్టలు కళ్ళు తెరవలేదు.

బుద్రమ్మ వాటిని కొంగులో కప్పుకుని నేనుండే గదికి వచ్చింది. నా బల్ల మీద పక్కపక్కన పడుకోబెట్టింది.

"ఇదిగో, ఇది మా ఆయనుండగా పిల్లగా తెచ్చింది బాబూ. ఆరేళ్ళ పెట్ట. మొన్నటిదాకా గుడ్డెట్టింది," అంది. దాని రెక్క సర్ది, "సలికి సచ్చిపోనాయని రాయి. మిగతా ఏడూ నాను ఇంటికి తీసుకుపోతాను," అంది.

రాయబోయాను. యాప్‌లో మరణ కారణాలు నాలుగే ఉన్నాయి. అంటువ్యాధి, పాము, దొంగతనం, యజమాని నిర్లక్ష్యం. ఉష్ణ గృహంలో చలి ఉండదు కనక చలి లేదు. అంటువ్యాధి అని నొక్కితే చుట్టుపక్కల ఊళ్ళన్నిట్లో కోళ్ళని చంపి పాతిపెడతారు. పాము అంటే పామును పట్టి ఫోటో పెట్టాలి. దొంగతనం అంటే పోయిన కోళ్ళు నా బల్ల మీదే ఉన్నాయి. ఇక మిగిలింది ఒకటే.

నాకు సిగ్గేసింది. ఆవిడ ఎదురుగా కూర్చుని ఉండగానే, ఆవిడకి చదువు రాదన్న ధైర్యంతో, నాలుగోది నొక్కాను.

"రాసినావా బాబూ?"

"రాశానమ్మా. మిగతా ఏడింటికీ అనుమతి వచ్చేదాకా ఆగు."

వారం తిరక్కుండా ఆవిడకి తాఖీదు వచ్చింది. నేనే చదివి వినిపించాల్సి వచ్చింది. 'ఇరవై రెండు డిగ్రీల సుఖోష్ణ వాతావరణమునందు సైతము రెండు కుక్కుటములను కాపాడుకొనలేకపోయిన మీ నిర్లక్ష్య వైఖరిని విభాగము తీవ్రముగా పరిగణించుచున్నది. మిగిలిన ఏడు కుక్కుటములను ఉష్ణ గృహమునుండి తరలించినచో వాటిని స్వాధీనపరచుకొని అర్హుడైన వేరొక లబ్ధిదారునకు అప్పగించగలము.'

బుద్రమ్మ మొత్తం విన్నది. "నిర్లచ్చిమంటే ఏటి బాబూ?" అని అడిగింది.

చెప్పాను. నా మొహం వైపు చాలాసేపు చూసింది. లేచి తిన్నగా రేకింటికి వెళ్ళి, ఏడు కోళ్ళనీ గంపలో వేసుకుని తన ఇంటికి పట్టుకుపోయింది. నేను చూశాను. చూడనట్టు ఫోన్ చూసుకున్నాను. ఆ ఉద్యోగంలో నేను చేసిన మొదటి మంచి పని అది, అది కూడా ఏమీ చెయ్యకపోవడం.

అప్పటినుంచి రేకింట్లో ఒక్క కోడీ లేదు. యాప్‌లో మాత్రం ఏడు కోళ్ళు ఇరవై రెండు డిగ్రీల్లో సుఖంగా ఉన్నాయి. పాత ఫోటోలే తిప్పి తిప్పి పెట్టేవాణ్ణి. ఒక్కరోజు కూడా హెచ్చుతగ్గులు లేకుండా నెల్లాళ్ళు అదే వేడి నిలబడిన ఉష్ణ గృహం రాష్ట్రం మొత్తం మీద ఇంకొకటి లేదట. నీలిగుమ్మి ప్రథమ స్థానంలో నిలిచింది. సంచాలకుల వారే స్వయంగా చూడటానికి బయల్దేరారు.

పరాంకుశం గారు ఫోన్లో, "ఏడు కోళ్ళూ లోపలుండాలి. నవ్వుతూ ఉండాలి," అన్నారు.

నేను బుద్రమ్మ గుమ్మంలో నిలబడ్డాను.

"అమ్మా, అరగంట. ఒక్క అరగంట కోళ్ళని పంపు. వాళ్ళు చూసి వెళ్ళిపోతారు. లేకపోతే నీ ఇంట్లో ఉన్నాయని తెలిసి పట్టుకుపోతారు."

"నా కోళ్ళు రావు," అంది బుద్రమ్మ. "ఇరవై రెండుందని రాత్తన్నావు కదా, నువ్వెళ్ళి కూకో."

సంచాలకుల వారు పొద్దున్నే ఏడింటికి వచ్చారు. ఆ రోజు గడ్డి మీదే కాదు, జీపు అద్దం మీద కూడా మంచు. ఆయన పొడుగ్గా, ఎర్రగా, కోటు వేసుకుని ఉన్నారు. రిబ్బను కత్తిరించి, వంగి, రేకింట్లోకి వెళ్ళారు. వెనకాల పరాంకుశం గారు, ఆయన వెనకాల నేను.

"ఆ... ఆహా," అన్నారు సంచాలకుల వారు. పళ్ళు టకటకలాడుతున్నాయి. "ఇరవై రెండు డిగ్రీలు... స్ప... స్పష్టంగా తెలుస్తోంది."

"తమ దార్శనికతండీ," అన్నారు పరాంకుశం గారు, రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని.

"కు... కుక్కుటములేవీ?"

"ఉదయ విహారానికి వెళ్ళాయండీ," అన్నాను.

ఆ మాటకి ఆయన చాలా సంతోషించారు. మంచు దేశంలో కూడా కోళ్ళకి ఉదయ విహారం ఉందట. ఉపన్యాసం మొదలుపెట్టారు. నాలుగు నిమిషాలు గడిచేసరికి పెదాలు నల్లబడి మాట ఆగిపోయింది. ఆయన చూపు ఎదురింటి కప్పులోంచి లేస్తున్న పొగ మీద పడింది. గబగబా నడిచి, బూట్లు విప్పి, బుద్రమ్మ ఇంట్లోకి దూరిపోయారు. మేం వెళ్ళేసరికి పొయ్యి దగ్గర గొంతుక్కూర్చుని అరచేతులు చాపుకుని ఉన్నారు. ఆయన చుట్టూ ఏడు కోళ్ళు.

పరాంకుశం గారు నా వైపు చూశారు. నేను కప్పు వైపు చూశాను.

బుద్రమ్మ లోటాలో వేడి అంబలి పోసి ఆయన చేతిలో పెట్టింది. ఇంటికొచ్చి వణుకుతున్నవాడు ఎవడైనా ఆవిడ చేసేది అదే. ఆయన ఊదుకుంటూ తాగారు. నల్ల పెట్ట ఒకటి ఎక్కి ఆయన ఒళ్ళో కూర్చుంది. ఆయన మొహంలో రక్తం తిరిగి వచ్చింది.

"థర్మామీటరు తీసుకురండి!" అన్నారు.

తెచ్చి పొయ్యి పక్కన పెట్టాను. ఇరవై మూడు. యాప్‌లో కొట్టాను. ఒక్కమాటలో ఒప్పుకుంది.

సంచాలకుల వారు లేచి నిలబడ్డారు. కళ్ళు చెమర్చాయి, కొంచెం పొగ వల్ల కూడా. "పరాంకుశం గారూ! మనం ఎక్కడెక్కడో వెతుకుతున్నాం. ఇదీ అసలైన ఉష్ణ గృహం! మట్టిగోడ, గడ్డికప్పు, మధ్యలో అగ్ని! కుక్కుటములకు ఇంతకంటే ఆదర్శ ఆవాసం లేదు. దీన్ని తక్షణం రాష్ట్ర ఆదర్శ ఉష్ణ గృహంగా ప్రకటిస్తున్నాను."

నాకు ఎంత సంతోషం కలిగిందో చెప్పలేను. కోళ్ళు నిలబడ్డాయి, ఆవిడ గెలిచింది, నా ఉద్యోగం కూడా నిలబడింది. బుద్రమ్మ చెయ్యి పట్టుకుని, "అమ్మా, ఇక నీ కోళ్ళ జోలికి ఎవరూ రారు," అని చెప్పాను. ఆవిడ మొట్టమొదటిసారి నన్ను చూసి నవ్వింది.

ఉత్తర్వు మూడో రోజున వచ్చింది. ఇల్లు ఉష్ణ గృహమైంది. అరవై రెండో పేజీ ప్రకారం ఉష్ణ గృహంలో మనుషులు నివసించరాదు.

ఆవిడకి అన్యాయం జరక్కూడదని విభాగం చాలా జాగ్రత్త తీసుకుంది. ఖాళీగా ఉన్న రేకుల ఇంటిని 'తాత్కాలిక మానవ వసతి' కింద ఆవిడకి కేటాయించింది. పొయ్యి ఆరకుండా చూసే బాధ్యత నాకు అప్పగించింది. కోళ్ళకి రెండు పూటలా సంకటి, మూడు కంబళ్ళు, ప్రతి గురువారం జీపులో డాక్టరు మంజూరయ్యాయి. డాక్టరు వచ్చి ఒక్కో కోడి గుండె మీదా గొట్టం పెట్టి విని వెళ్ళేవాడు. మనుషుల డాక్టరు నీలిగుమ్మికి వచ్చి రెండేళ్ళయింది.

రోజూ పొద్దువాలితే నేను బుద్రమ్మ ఇంట్లో బుద్రమ్మ పొయ్యి వెలిగించి, బుద్రమ్మ కోళ్ళని గంప కింద మూసి, తాళం వేసి వచ్చేవాణ్ణి. ఎదురుగా రేకింటి గుమ్మంలో ఆవిడ దుప్పటి ముసుగేసుకుని కూర్చుని చూస్తుండేది. లోపల పొయ్యి పెట్టుకుందామంటే రేకుల రంగు పాడవుతుందని నిషేధం. నేను యాప్‌లో అర్జీ పెట్టాను: 'ఉష్ణ గృహంలో ఒక మనిషి నివాసానికి అనుమతి కోరుతూ'. 'పరిశీలనలో ఉన్నది' అంది. పదకొండు రోజులు పరిశీలనలోనే ఉంది. పరాంకుశం గారు, "మనిషిని లోపలికి రానిస్తే కుక్కుటముల ఉష్ణ హక్కుకు భంగం కదటయ్యా," అన్నారు.

పన్నెండో రోజున ఆవిడకి జ్వరం. చెయ్యి పట్టుకుంటే కాలిపోతోంది, పళ్ళు మాత్రం కొట్టుకుంటున్నాయి. నాకు భయం వేసింది. బల్ల మీద పక్కపక్కన పడుకున్న రెండు పెట్టలు కళ్ళముందు మెదిలాయి. మనుషుల మరణానికి మా యాప్‌లో ఆ నాలుగు కారణాలు కూడా లేవు.

తాళంచెవి తీసి ఆవిడ చేతిలో పెట్టాను. "వెళ్ళి పడుకో అమ్మా. ఏమైతే అది అవుతుంది."

"వద్దు బాబూ," అంది. "రేపు నిన్ను తీసేసి మరొకడినేత్తారు. ఆడు నీకన్నా ఎదవైతేనో?" వణుకుతూనే కాసేపు ఆలోచించింది. "ఓ పని సెయ్యి. నన్ను కోడని రాసీ."

"ఏంటమ్మా?"

"కోడి. ఎనిమిదోది. మనిసినని రాత్తే పదకొండు రోజులు తిప్పినారు. కోడినని రాసి సూడు."

నేను ఆవిడ మొహం చూశాను. నవ్వడం లేదు. ఫోన్ తీసి కొత్త కోడి నమోదు తెరిచాను.

"జాతి?"

"నాటు."

"రంగు?"

"నలుపు."

"తురాయి ఉందా?"

ముసుగు సర్దుకుంది. "మా ఆయనుండగా ఉండీది. లేదని రాయి."

"ఆరోగ్య పరిస్థితి?"

"సలి," అంది.

బతికున్న కోడికి చలి ఉండవచ్చని యాప్‌లో ఉంది. నొక్కాను. నేను ఊపిరి తీసుకునేలోపల ఆకుపచ్చ టిక్కు పడింది. 'అభినందనలు! ఈ కుక్కుటము తక్షణమే ఉష్ణ గృహమునకు తరలించబడవలెను. జాప్యము శిక్షార్హము.' దాని కిందే ఇంకో వరుస: 'వైద్యుడు రేపు ఉదయము వచ్చును.'

పసుపుపచ్చ రింగు ఒకటి తీసి ఇచ్చాను. ఆవిడ దాన్ని చిటికెన వేలికి తొడుక్కుని, నా భుజం పట్టుకుని, నడిచి తన ఇంటికి వెళ్ళింది. గుమ్మం దాటగానే ఏడు కోళ్ళూ ఒక్కసారి లేచి అరిచాయి. పొయ్యి పక్కన చాప పరిచాను. మంజూరైన మూడు కంబళ్ళూ కప్పాను. నా ఉద్యోగంలో పథకం సొమ్ము సరైన ప్రాణికి చేరడం అదే మొదటిసారి.

డాక్టరు మర్నాడు వచ్చాడు. మంచివాడు. ఎనిమిదో కోడి గుండె మీద గొట్టం పెట్టి విన్నాడు, నా వైపు ఒక్కసారి చూశాడు, ఏమీ అడక్కుండా మాత్రలు రాసి తన సంచీలోంచే తీసి ఇచ్చాడు. నాలుగు రోజులకి జ్వరం దిగింది. అంతలోనే పరాంకుశం గారి ఫోన్ వచ్చింది.

"భేష్ దాలినాయుడూ! నీలిగుమ్మిలో కుక్కుట సంఖ్యలో వృద్ధి కనిపిస్తోంది. పైవాళ్ళు ముచ్చటపడుతున్నారు. ఇదే ఊపు కొనసాగించు!"

ఫోన్ పెట్టేసి నా గది తలుపు తీశాను. మంచు ఇంకా విడలేదు. వాకిట్లో ఊరు ఊరంతా వరసలో నిలబడి ఉంది. చంకలో పసివాళ్ళతో ఆడవాళ్ళు, కర్రలు పట్టుకున్న ముసలాళ్ళు, నోటి ముందు ఆవిర్లు. బుద్రమ్మ చిటికెన వేలి రింగు సంగతి అందరికీ తెలిసిపోయింది.

మొదట నిలబడ్డవాడు కిల్లో సోమన్న. డెబ్బై ఏళ్ళు ఉంటాయి. కిందటి చలికాలం నుంచి దగ్గుతూనే ఉన్నాడు. దగ్గు ఆగేదాకా నేనూ ఆగాను. ఫోన్ తెరిచి, అధికారికంగా గొంతు సవరించుకుని అడిగాను.

"పుంజా, పెట్టా?"

"డాట్టరు దేన్ని సూత్తాడో అదే రాయి బాబూ," అన్నాడు.